పైకి వచ్చినాడా?

"మీ తమ్ముడు బెంగుళూర్లో బాలాట ఆడతాండె గదమ్మా, పైకి వచ్చినాడా?"

మా వీధి చివరింటి అవ్వ ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. వాడు ఆట మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడే గోరంట్లలో ఎరువుల అంగడి పెట్టుకుని, నెత్తి మీద వెంట్రుకలు పలచబడి, కళ్లజోడు కూడా వచ్చింది. అవ్వకు మాత్రం వాడింకా బెంగుళూరు బస్సెక్కుతున్న కుర్రవాడే. నేనూ ప్రతిసారీ "ఏదో బాగానే ఉన్నాడులే అవ్వా" అని, ఆమె మోకాళ్ల నొప్పుల మీదికి మాట మళ్లించేస్తాను. పోయిన నెలలో ఒక ఆదివారం అందరం కూర్చుని 'మైదాన్' సినిమా చూశాం. అప్పటినుంచీ ఆ ప్రశ్న నా చెవిలో జోరీగలాగా తిరుగుతోంది. ఈ నాలుగు మాటలూ అందుకే.

ఆ సినిమా చూడాలన్న పట్టుదల నాది కాదు, మా మేనకోడలిది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. చదువు కన్నా బంతి మీద ధ్యాస ఎక్కువ. బెంగుళూర్లో ఆడపిల్లల జట్టొకటి ఎంపికలు పెడుతోందట, పంపమని అడుగుతోంది. వాళ్ల నాయన, అంటే మా తమ్ముడు, వద్దంటే వద్దన్నాడు. తాను నోరు తెరిచి చెప్పలేని మాటను సినిమా చెబుతుందని పిల్ల ఆశ. వెనకటికి రాయబారానికి హంసలనీ చిలకలనీ పంపేవారట. మా పిల్ల సినిమాను పంపింది.

ముందుగా మంచి చెప్పుకోవాలి. 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో వచ్చిన హిందీ సినిమా. దర్శకుడు అమిత్ శర్మ. కథ మన హైదరాబాదు వారిది. భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా ఉండిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబు పాత్రను అజయ్ దేవగణ్ వేశాడు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా ఓడిపోయిన జట్టు, పదేళ్లకు 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను రెండుకొకటిగా ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ పదేళ్ల కథను మూడు గంటలు చూపించారు. ఆఖరి గంటలో నేనే కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాను. మావారైతే పల్లీలు ఒలవడం కూడా మరిచిపోయారు. అప్పటికే క్యాన్సరుతో ఉన్న మనిషి ఆ పతకం గెలిపించి, 1963 జూన్‌లో కన్నుమూశాడంటే ఎవరికి గుండె కరగదు?

ఇంతవరకూ సరే. ఇక నా తగవు.

మొదటి తగవు నాది కూడా కాదు, మా తమ్ముడిది. అందరం చప్పట్లు కొడుతుంటే వాడు మాత్రం మెల్లగా, "గోల్ అయింది సరే అక్కా. దానికి ముందర వాడు ఎన్నిమార్లు ఉత్తగా పరిగెత్తినాడో ఆ లెక్క చూపించలేదు" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. అడిగితే చెప్పాడు. జట్టులో అందరికన్నా ముందుండి గోల్ కొట్టవలసిన వాడు స్ట్రైకరు. మా కాలంలో సెంటర్ ఫార్వర్డ్ అనేవారు. ఆట తొంభై నిమిషాలు. అందులో బంతి వాడి కాలి దగ్గర ఉండేది రెండు మూడు నిమిషాలుంటే గొప్ప. మిగతా సేపంతా బంతి వస్తుందని పరుగెత్తడం, రాకపోతే వెనక్కి రావడం, మళ్లీ పరుగెత్తడం. తొందరపడి కాస్త ముందుకు పోయాడా, ఆఫ్‌సైడ్ అని ఈల వేస్తారు. పిలుపు రాకముందే పంక్తిలో కూర్చున్నవాణ్ణి లేపేసినట్లన్నమాట. పది పరుగుల్లో తొమ్మిది దండగ. ఆ తొమ్మిదీ పరుగెత్తితేనే పదోది దొరుకుతుంది.

మన సీమలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. ముంగారు వాన వస్తుందని చేను దున్ని, విత్తనపు కాయలు ఒలిచి పెట్టుకుని, మొగులు వైపు చూస్తూ కూర్చునే సంసారాలు మనవి. ఏ ఏడు పండిందో అందరూ చెబుతారు. పండని ఏళ్లలో కూడా చేను దున్నామన్నది ఎవరూ చెప్పరు. సినిమా కూడా పండిన ఏడే చూపించింది.

రెండో తగవు పూర్తిగా నాది. అది తులసీదాస్ బలరాం గురించి.

సినిమాలో బలరాం పాత్ర ఉంది. కథ రహీం సాబుది కాబట్టి ఆ కుర్రవాడు పదిమందిలో ఒకడుగా వచ్చి పోతాడు. అసలు కథ చూస్తే ఒక సినిమాకు సరిపడా ఉంది. సికిందరాబాదు పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు పారేసిన పాత బూట్లతో ఆట బూట్లు కుట్టించుకున్నాడు. ఆటకు రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బిచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగెరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962లో జపాన్ మీద కొట్టాడు. మన జట్టు ముందు వరసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురినీ కలిపి చెప్పుకునేవారు.

పతకం వచ్చిన మరుసటేడే, 1963లో, ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసి ఆట మానేశాడు. వయసు ఇరవై ఏడు! ఆ తరువాత అరవై ఏళ్లు బతికాడు. రైల్వేలో ఉద్యోగం, కుర్రవాళ్లకు ఆట నేర్పడం, బెంగాలులో ఉత్తరపారాలో కాపురం. 2023 ఫిబ్రవరి 16న పోయాడు. బెనర్జీ, గోస్వామి 2020లోనే ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. అంటే సినిమా తెర మీదికి వచ్చేనాటికి ఆ ముగ్గురిలో ఒక్కరూ లేరు.

కథ ఎక్కడ ఆపాలన్నది తీసేవాళ్ల ఇష్టమేననుకోండి. పతకం దగ్గర ఆపితే జనం చప్పట్లు కొడుతూ ఇళ్లకు వెళతారు. ఇరవై ఏడేళ్లకు బూట్లు విప్పేసిన మనిషి మరునాడు పొద్దున లేచి ఏం చేశాడు అని చూపిస్తే చప్పట్లు కొట్టరు. కానీ ఆడవాళ్లం మనకు తెలుసు, పెళ్లి పందిరి దగ్గర శుభం పడే సినిమాలు ఎంత సగం కథ చెబుతాయో. ఆట సినిమాలదీ అదే వరస.

ఇంకో ముచ్చట. జకార్తా ఫైనల్లో రెండో గోల్ కొట్టిన జర్నైల్ సింగ్ అసలు స్ట్రైకరే కాదు, వెనక కాపలా కాసే ఆటగాడు. అంతకు ముందు ఒక ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం సాబు అతన్ని ముందుకు పంపి ఆడించారు. అంటే ముందున్న వాడూ వెనకున్న వాడూ అన్నది ఆ పూట అవసరాన్ని బట్టి ఉంటుందన్నమాట. ఇది మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్న సంగతే.

సరే, గొప్పవాళ్ల సగం కథైనా సినిమాలకెక్కింది. ఎప్పటికీ కిందనే ఆడినవాళ్ల మాటేమిటి? విదేశాల్లో చూడండి. ఇంగ్లండు దేశస్థుడు జేమీ వార్డీ అని ఒక స్ట్రైకరున్నాడు. చిన్నప్పుడే క్లబ్బు వాళ్లు వద్దని పంపేస్తే, ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ చిన్నా చితకా జట్లలో ఆడాడు. 2012లో లెస్టర్ జట్టులో చేరి, 2016లో ఆ జట్టు దేశమంతటిలో మొదటిదిగా నిలవడానికి కారకుల్లో ఒకడయ్యాడు. అతని కథ లోకమంతా చెప్పుకుంది. కింద ఆడినందుకు కాదు, కింది నుంచి బయటపడినందుకు. అతనితో పాటు ఆ చిన్న జట్లలో ఆడి అక్కడే మిగిలిపోయిన పదిమందీ ఏమయ్యారని ఎవరు అడిగారు?

అలాంటి ఒకడు మా ఇంట్లో ఉన్నాడు కనుక నేను అడుగుతున్నాను.

గోరంట్ల నుంచి హైదరాబాదు దూరం, బెంగుళూరు దగ్గర. మా తమ్ముడు 1994లో అక్కడికే వెళ్లాడు. బెంగుళూర్లో ఫుట్‌బాలుకు అంతస్తులున్నాయి. అన్నిటికన్నా పైన సూపర్ డివిజను, దాని కింద ఎ, బి, సి. ఏటా పైన నిలిచిన జట్టు పై మెట్టెక్కుతుంది, అడుగున పడ్డ జట్టు కిందికి దిగుతుంది. మావాడు చేరింది సి డివిజనులో ఒక చిన్న క్లబ్బు. ఐటీఐ, హెచ్ఏఎల్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీలకు సొంత జట్లుండేవి, బాగా ఆడే కుర్రవాడికి అక్కడ ఉద్యోగం దొరికేది. వాడి ఆశ అదే. పిలుపు రాలేదు. పగలు పీణ్యలో లేత్ షెడ్డులో పని, పొద్దునా సాయంత్రమూ సాధన. ఆట ఉన్న రోజు షెడ్డులో సగం కూలి పోయేది. క్లబ్బు వాళ్లిచ్చేది బస్సు ఛార్జీ, ఒక భోజనం పొట్లం. చూడవచ్చే జనం ఎంతమందంటే, వాళ్లను ఆటగాళ్లే పేర్లు పెట్టి పలకరించేవారట.

ఒక్క ఏడు మాత్రం జట్టు సి నుంచి బి కి ఎక్కింది. ఆ కబురు చెప్పడానికి వాడు రాత్రి బస్సులో వచ్చి, తెల్లవారుజామున తలుపు కొట్టాడు. మా అమ్మ నిద్రమత్తులో "జీతం పెరిగిందా నాయనా?" అని అడిగింది. లేదన్నాడు. "పోనీలే, కాళ్లు కడుక్కో, బువ్వ తిందువు" అంది. మరుసటేడే ఆ జట్టు మళ్లీ సి కి దిగిపోయింది. ఆ కబురు చెప్పడానికి వాడు రాలేదు.

2002లో నేనొక ఉత్తరం రాశాను. "ఇంకెన్నాళ్లురా ఈ గోల? పైకి వచ్చే దారి కనబడకపోతే ఇంటికొచ్చెయ్. అమ్మకు ఒంట్లో బాగుండడం లేదు. నీకూ వయసు మీరుతోంది" అని. ఏడాది తిరగకుండా వాడు పెట్టె సర్దుకుని వచ్చేశాడు. మోకాలు కూడా అప్పటికి మొండికేసింది. నేను చేసింది తప్పని ఈనాటికీ అనలేను. అమ్మను చూసుకోవడానికి ఒక మనిషి కావలసి ఉండె. కానీ ఆ ఉత్తరంలో నేను వాడిన మాట ఒకటుంది చూడండి, 'పైకి వచ్చే దారి' అని. అది అవ్వ మాటే కదా.

సినిమా అయిపోయాక మా మేనకోడలు పాత ట్రంకుపెట్టెలోంచి ఒక డైరీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "చూడత్తా, నాయనది" అంది. తేదీ, ఎవరితో ఆట, ఎంతసేపు ఆడిందీ, గోల్ ఉందో లేదో, అంతా వరసగా రాసుకున్నాడు. తొమ్మిదేళ్ల లెక్క! పేజీ తరువాత పేజీ 'గోల్ లేదు', 'గోల్ లేదు'. అక్కడక్కడ మాత్రం ఇంకో ముక్క ఉంది. 'గోల్ లేదు. రెండు ఇచ్చినాను.' అంటే, తాను కొట్టకపోయినా, రెండుసార్లు బంతి అందించి పక్కవాడి చేత కొట్టించానని. ఆ లెక్క ఏ పేపర్లోనూ పడలేదు. ఏ క్లబ్బూ ఉంచుకోలేదు. రాసుకున్నది వాడొక్కడే. డైరీ చివర నా ఉత్తరం మడత పెట్టి ఉంది. తీసి చదివే ధైర్యం చాలక అలాగే మూసేశాను.

అప్పుడు మొదలయింది ఇంట్లో అసలు సినిమా.

మా తమ్ముడు గట్టిగానే అన్నాడు: "నేనేమీ ఆట వద్దనడం ల్యా. కింద కింద ఆడి మోకాళ్లు పోగొట్టుకుంటాది. ఆఖరికి నా మాదిరి అయితాది."

పిల్ల తల ఎత్తకుండానే అంది. "నీ మాదిరి అయితే ఏమైంది నాయనా?"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మావారు ఒలిచిన పల్లీలనే మళ్లీ ఒలవడం మొదలుపెట్టారు. 'మైదాన్' తీసినవాళ్లు ఎంత సంగీతం పెట్టినా రాబట్టలేని కన్నీళ్లు ఆ ఒక్క మాటకు నాకు వచ్చాయి. మా తమ్ముడు లేచి, అంగడి తాళంచెవులు తీసుకుని, ఆదివారమని కూడా మరిచి బయటికి వెళ్లిపోయాడు.

సినిమాలో రహీం సాబు భార్యగా ప్రియమణి వేసింది. జబ్బుతో కుంగిపోయిన భర్తను ఆమే మళ్లీ మైదానానికి పంపుతుంది. పాత్ర చిన్నదైనా బాగా చేసింది. కాదనను. కానీ ఆటల సినిమాల్లో ఆడది ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడుతుంది. పంపడానికో, ఎదురు చూడడానికో. బయలుదేరేది ఆడపిల్లే అయితే గుమ్మం దగ్గర ఎవరు నిలబడాలి? ఈ ప్రశ్న ఇప్పుడు ఊరికే వేసేది కాదు. ఆడపిల్లలకు దేశం మొత్తానికి లీగంటూ మొదలయింది 2016-17లో. నిజామాబాదు జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్య ముంబయిలో, కేరళలో ఆడి, 2022లో క్రొయేషియా దేశంలో డినామో జాగ్రెబ్ జట్టుకు వెళ్లి, తరువాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. బలరాం ఆడిన క్లబ్బే! 2025లో దేశంలోకల్లా ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. మా పిల్ల గది గోడ మీద ఆమె బొమ్మ ఉంది.

కానీ నేను మా తమ్ముడికి సౌమ్యను చూపించి ఒప్పించదలచుకోలేదు. అలా చేస్తే నేనూ సినిమావాళ్ల దారినే పోయినట్లు. ఆ పిల్ల సౌమ్య కాకపోవచ్చు. అడుగు మెట్టు మీదే పదేళ్లు ఆడి, గోల్స్ కన్నా 'గోల్ లేదు'లే ఎక్కువ రాసుకుని ఇంటికి రావచ్చు. అయినా పంపాలా వద్దా? దీనికి జవాబు చెప్పగలిగితేనే పంపినట్లు. పైకొస్తుందన్న హామీ మీద పంపితే అది ఆటకు పంపడం కాదు, చీటీ కట్టడం.

జవాబు మా మరదలు చెప్పింది. ఆమె సినిమా సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్లింది. రాత్రి అన్నాలప్పుడు మజ్జిగ పోస్తూ, "వదినా, ఆ ఎంపికలకు తోడు ఎవరు పోతారు? ఆడపిల్లలకు ఉండేదానికి రూము ఇస్తారంటనా? చదువు మాన్పించకుండా ఆడిస్తారంటనా?" అని వరసగా అడిగింది. అందులో 'పైకి' అన్న మాటే లేదు. మా తమ్ముడు చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నాడు. ఆఖరికి కూతురి వైపు చూడకుండా, "అక్కడ గ్రౌండు గట్టి నేలనో, గడ్డినో కనుక్కో. ఆ బూట్లు గట్టి నేలకు పనికిరావు" అన్నాడు. పంపుతానని మాత్రం ఇప్పటికీ అనలేదు. ఎంపికలకింకా పదిరోజులుంది.

'మైదాన్' చూడవద్దని నేననను. పిల్లలతో కలిసి తప్పక చూడండి. మన తెలుగు గడ్డ మీద ఇలాంటి ఆటగాళ్లుండేవారని, హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చిందని, ఆ వెనక కథంతా పిల్లలకు చెప్పడానికి అదొక సాకు. కానీ చూశాక టీవీ ఆపేసి, కప్పు రానివాళ్ల సంగతి కూడా కాసేపు మాట్లాడుకోండి. మీ ఇంట్లోనూ ఒకరుంటారు. నాటకాలాడినవారో, పాటలు పాడినవారో, కథలు రాసి పెట్టెలో పెట్టుకున్నవారో. మగవారే కానక్కరలేదు.

మొన్న సంతకు పోతుంటే అవ్వ మళ్లీ పట్టుకుంది. "మీ తమ్ముడు పైకి వచ్చినాడా అమ్మా?"

ఈసారి నేను మాట తప్పించలేదు. "లేదవ్వా, పైకి రాలేదు. తొమ్మిదేండ్లు ఆడినాడు" అన్నాను.

అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తొమ్మిదేండ్లా! అబ్బా, ఎంత ఇష్టముండాల్నో బిడ్డకు!"

ఇన్నేళ్లలో ఆ మాట మా ఇంట్లో ఎవరమూ అనలేదు.